తొమ్మిదో సభ్యుడి పేరు

ముప్పై ఏళ్ళ టైపు ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నీ రబ్బరుతో పోయాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క తప్పుతో, ఎన్నడూ చూడని దేశంలో, ఎన్నడూ చూడని పద్నాలుగు మంది ప్రాణం మీదికి తెచ్చాను. ఇప్పుడు ఆఫీసుల్లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూసి, "మీ కాలమే హాయి మేడం, నాలుగు పేజీలు కొడితే ఆ రోజు పని అయిపోయేది" అంటుంటారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. హాయి సంగతి చదివాక మీరే చెప్పండి.

అరవైల నడుమ మాట. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో, ఒక ఇరానీ హోటల్ మీది మేడగదిలో ఉండేది మా టైపు ఇన్‌స్టిట్యూట్. ఎనిమిది మిషన్లు, రెండు ఫ్యాన్లు, గోడకు ఆనించి ఒక బెంచీ, బెంచీ పైన దానికన్నా పొడుగాటి నోటీసు బోర్డు. ఆ బెంచీని, బోర్డును గుర్తు పెట్టుకోండి, వాటితో పనుంది. లోయర్, హయ్యర్ పరీక్షలకు వచ్చేవాళ్ళకు నేర్పడం, మధ్యలో బయటి కాగితాలు టైపు కొట్టడం నా ఉద్యోగం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. నా పేజీలో తప్పు దొరకదని పొగరు కూడా ఉండేది.

యజమానిని అందరం సార్ అనేవాళ్ళం. పాత హైదరాబాదు మనిషి, నిజాం జమానాలో దఫ్తరు పని చేసి వచ్చినాయన. ఆయనకు రెండు పట్టింపులు. మొదటిది, కార్బన్ లేకుండా కాగితం మిషన్ ఎక్కకూడదు.

"గిరాకీ కాగితం పారేసుకుంటడు, మల్ల మన మీదికే వస్తడు బేటా. రెండో కాపీ మన దగ్గరుంటే ఫికర్ ఉండదు" అనేవాడు.

రెండోది ప్రాక్టీసు సంగతి. "ఎరుకున్న మాటలిస్తే కండ్లు కాగితం మీద ఉండయ్. వేళ్ళు అందాజతోని ఉరుకుతయ్. ఎన్నడు ఇనని మాటలియ్యి, అప్పుడు తెలుస్తది ఎవని చెయ్యి ఎంతనో."

అందుకని గిరాకీ పని పూర్తయ్యాక ఆ రెండో కాపీలన్నీ ఒక రేకు డబ్బాలో పడేవి. అందులోంచి తీసి నేర్చుకునేవాళ్ళకు ఇచ్చేవాళ్ళం. మందుల జాబితాలు, కోర్టు కాగితాలు, ఎవరి ఇంటి గొడవలో, ఏదైనా సరే. అవి ఒకరి రహస్యాలని మాకు తోచలేదు. టైపు కొట్టేవాళ్ళు చదవరు, అక్షరాలు చూస్తారంతే.

అలాంటి రోజుల్లో ఒక ఆఫ్రికా దేశపు విద్యార్థి మా మెట్లెక్కాడు. ఇక్కడి యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాడు. ఆయన పేరూ రాయను, దేశం పేరూ రాయను. ఇస్త్రీ చొక్కా, సన్నటి గొంతు, చంకలో ఎప్పుడూ ఫైళ్ళు. డిగ్రీ రాకముందే సార్ ఆయన్ని డాక్టర్ సాబ్ అని పిలవడం మొదలుపెట్టాడు. ఆయన సిగ్గుపడి నవ్వేవాడు. ఆయన థీసిస్ తమ దేశపు జాతీయ సభ గురించి, అది ఎవరితో ఏర్పడింది, ఎలా నడుస్తోంది అని.

శాసనసభ అంటే నాకు పబ్లిక్ గార్డెన్స్ పక్కన బస్సులోంచి కనిపించే తెల్ల భవనం, అంతే. ఆయన పేజీలు కొడుతూ కొడుతూ మొదటిసారి చదవడానికి అలవాటు పడ్డాను. వాళ్ళ సభలో మూడు రకాల మనుషులు. జిల్లాల నుంచి ఓట్లతో గెలిచినవాళ్ళు, తెగల పెద్దలు తమలో తాము ఎంచుకుని పంపినవాళ్ళు, అధ్యక్షుడు తనకు నచ్చి కూర్చోబెట్టినవాళ్ళు. పొద్దున ఒక చెక్కిన కర్రను ఊరేగింపుగా తెచ్చి బల్ల మీద పెడితే తప్ప సభ మొదలు కాదు. బిల్లును మూడుసార్లు చదవాలి. మధ్యలో కమిటీ కూర్చోవాలి, నివేదిక ఇవ్వాలి. కాగితం మీద అంతా పద్ధతిగా ఉంది.

లోపలి సంగతి వేరు. దేశంలో ఉన్నది ఒకటే పార్టీ. ఏ బిల్లు నెగ్గాలో ముందురోజు పార్టీ ఆఫీసులోనే తేలిపోయేది. కమిటీ కూర్చోక ముందే దాని నివేదిక టైపు అయిపోయేదట. ఆ ముక్క కొడుతున్నప్పుడు నాకు నవ్వొచ్చింది. అక్కడ కూడా నాలాంటిది ఒకతె ఉండి ఉంటుంది, చదవకుండా కొట్టి ఉంటుంది.

ఇవన్నీ ఆయనకు చెప్పింది ఆ సభలోని పద్నాలుగు మంది సభ్యులు, తమ పేరు బయటికి రాదన్న మాట మీద. థీసిస్‌లో వాళ్ళకు అంకెలే ఉన్నాయి. మూడో సభ్యుడు ఇలా అన్నాడు, ఏడో సభ్యుడు అలా అన్నాడు అని. నాకు బాగా నచ్చింది తొమ్మిదో సభ్యుడు. ముసలి తెగ పెద్ద. "బిల్లు మొదటిసారి చదివేటప్పుడు నిద్రపోతాను. రెండోసారి నిద్ర నటిస్తాను. మూడోసారి చెయ్యెత్తుతాను. నేను మెలకువగా ఉన్నట్టు తెలిస్తే మా ఊరికి దవాఖాన రాదు" అన్నాడట. కమిటీ కూర్చోకముందే తయారైన నివేదికల చిత్తు ప్రతులను ఆయనే చొక్కాలో దాచి తెచ్చి ఇచ్చాడట.

చివరి రోజున డాక్టర్ సాబ్ ఒక కాగితం నా ముందు పెట్టాడు. ఏ అంకె ఎవరో చెప్పే జాబితా. ప్రొఫెసర్ ఒక్కరే చూసి తిరిగి ఇచ్చేస్తారట, అయినా యూనివర్సిటీ పద్ధతి ప్రకారం అదీ టైపులోనే ఉండాలట.

"దీనికి ఒకే ప్రతి. కార్బన్ వద్దు" అన్నాడు.

"సరే" అన్నాను. ఆయన కిందికి చాయ్ తాగడానికి వెళ్ళాడు. నా చేతులు కాగితం తీశాయి, దాని కింద కార్బన్ పెట్టాయి, దాని కింద ఇంకో కాగితం పెట్టాయి, మిషన్‌కు ఎక్కించాయి. నాలుగేళ్ళుగా రోజుకు యాభైసార్లు చేసిన పని అది. తప్పు లేకుండా కొట్టి పై కాగితం ఆయనకిచ్చాను. కింది కాగితం ఎప్పట్లాగే ట్రేలో వేశాను. అది ట్రేలోంచి డబ్బాలోకి పోయింది.

డబ్బాలోంచి అది సార్ చేతికి దొరికింది. ఆయన ఆనందం చెప్పనలవి కాదు. ఇంగ్లీషులో ఎన్నడూ పక్కపక్కన రాని అక్షరాలన్నీ ఆ పేర్లలో ఉన్నాయి. పొద్దుటి బ్యాచీ అందరికీ, మధ్యాహ్నం వచ్చేవాళ్ళకూ అదే పాఠం. దాన్ని ముందుగా తప్పు లేకుండా కొట్టింది మూడో మిషన్ దగ్గర కూర్చునే ఒక అటెండరు. నల్లగొండ వైపు మనిషి, లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో పని, ముప్పై దాటిన వయసు. లోయర్ పాసైతే గుమాస్తాగా తీసుకుంటామని వాళ్ళ సాబు మాటిచ్చాడు, అప్పటికే రెండుసార్లు ఫెయిలయ్యాడు. రోజూ మధ్యాహ్నం తిండి గంటలో నడుచుకుంటూ వచ్చి, అవే పేర్లు, వారాల తరబడి కొట్టాడు. సార్ అతని కాగితాన్ని మెచ్చుకుని బోర్డుకు గుచ్చాడు. నేనూ దాన్ని చూశాను. తప్పులున్నాయా అని చూశాను, ఏమిటని చూడలేదు.

ఒకరోజు పదిగంటలప్పుడు డాక్టర్ సాబ్ వచ్చాడు. చొక్కాకు ఇస్త్రీ లేదు. చేతిలో పేపరు, లోపలి పేజీలో చిన్న వార్త.

"మా అధ్యక్షుడు జాతీయ సభను రద్దు చేశాడు. సొంత పార్టీ సభ్యులనే పట్టుకుపోతున్నారు. లోపలి మాటలు బయటికి చెప్పింది ఎవరని వెతుకుతున్నారు" అన్నాడు. తర్వాత గొంతు ఇంకా తగ్గించాడు. "నా దగ్గరున్న జాబితా కాల్చేశాను. ప్రొఫెసర్ దగ్గర లేదు. మీ దగ్గర ఏదీ మిగల్లేదు కదా?"

"లేదు. మీరు వద్దన్నారు కదా" అన్నాను, కొంచెం కోపంగా కూడా.

"మీరు తప్పు చేయరని నాకు తెలుసు" అని రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుని వెళ్ళాడు.

ఆయన చెప్పుల చప్పుడు మెట్ల కింద పూర్తిగా ఆగకముందే నాకు ఆ పేజీ మిషన్‌కు ఎక్కించిన తీరు గుర్తొచ్చింది. మొదట మనసు ఒప్పుకోలేదు. చేతులే ఒప్పుకున్నాయి. డబ్బా నేల మీద బోర్లించి ఒక్కొక్క కాగితం తీసి చూశాను. లేదు. ఊపిరి పీల్చుకున్నాను. లేదంటే ఇంకెక్కడో ఉందని అర్థమని కాసేపటికి తట్టింది. సార్ ఆ రోజు కళ్ళు చూపించుకోవడానికి దవాఖానకు పోయాడు. అడగడానికి ఎవరూ లేరు.

మధ్యాహ్నం అటెండరు వచ్చి, నాకు దండం పెట్టి, తన మూడో మిషన్ దగ్గర కూర్చున్నాడు. నేను ఇంకా కాగితాల మధ్యనే ఉన్నాను. ఇంతలో ఇంకొకాయన మెట్లెక్కి వచ్చాడు. సూటు, టై, డాక్టర్ సాబ్ దేశపు మనిషే, చాలా మర్యాదస్తుడు.

"నా మిత్రుడు ఊరు వెళ్ళే హడావిడిలో ఉన్నాడు. తన థీసిస్ రెండో ప్రతి మీ దగ్గర ఉందట, తీసుకురమ్మన్నాడు" అన్నాడు ఇంగ్లీషులో, నవ్వుతూ.

పొద్దున పదింటికి ఆ మిత్రుడు ఈ గదిలోనే ఉన్నాడు, ఊరి మాటే ఎత్తలేదు.

"అన్నీ ఆయనే తీసుకెళ్ళారు" అన్నాను.

"మీ దగ్గర ఎప్పుడూ ఒక ప్రతి ఉంటుందని హాస్టల్లో అందరూ చెప్పారు. జాబితాలు, అనుబంధాలు, ఏదున్నా సరే. తీరిగ్గా చూడండి, నేను కూర్చుంటాను." వెళ్ళి బెంచీ మీద కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు.

అప్పుడు వినిపించింది నాకు. ఇంగ్లీషు ఉత్తరం కొడుతుంటే మిషన్ చప్పుడు ఒక తీరుగా సాగుతుంది. మూడో మిషన్ అలా సాగడం లేదు. ఆగుతోంది, ఒక్కసారి ఉరుకుతోంది, మళ్ళీ ఆగుతోంది. ఏ పేర్లు కొడితే ఆ చప్పుడు వస్తుందో నా చేతులకు తెలుసు. బెంచీకీ మూడో మిషన్‌కూ మధ్య రెండు మూరల దూరం.

ఫైలు వెతుకుతున్నట్టు నటిస్తూ అటెండరు వెనక్కి పోయి వంగాను. అతని మిషన్ పక్కన నా కార్బన్ కాపీ ఉంది. ఒకటి నుంచి పద్నాలుగు దాకా.

"అన్నా, తల ఎత్తకు, కొట్టడం ఆపకు. ఆ కాగితం లోపల పెట్టుకో. మిషన్‌లో ఉన్నది మార్చెయ్. ఏదో ఒకటి కొట్టు" అన్నాను తెలుగులో, తప్పులు దిద్దుతున్న గొంతుతో.

అతను ఎందుకని అడగలేదు. ఎడమచేత్తో కాగితం చొక్కాలోకి తోశాడు, మిషన్‌లోది లాగి అదీ లోపలికే తోశాడు, కొత్త కాగితం ఎక్కించాడు. మిషన్ ఊపిరి తీసుకున్నంతసేపే ఆగింది. నేను తల ఎత్తాను. ఎత్తగానే నా కళ్ళు తిన్నగా బోర్డు మీద పడ్డాయి.

వచ్చినాయన తలకు పక్కగా, బెంచీ అంచు దాటి జానెడు దూరంలో, సార్ ఎర్ర సిరాతో శభాష్ అని రాసిన కాగితం. పద్నాలుగు పేర్లు, అంకెలతో సహా. ఆయన లేచి ఇటు తిరిగితే చాలు. ఏం చేయాలో నాకు తోచలేదు, నిజంగానే తోచలేదు. అరిచి మిషన్లన్నీ ఆపించాలా, బోర్డు మీద పడి కాగితం చింపాలా, ఏం చేసినా ఆయన చూపు అక్కడికే పోతుంది.

అటెండరు నా మొహం చూశాడు. నా చూపు ఎటుందో చూశాడు. తాపీగా లేచి, చేతులు తుడుచుకుని, బెంచీ పక్కగా పోయి, బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాడు. చేతులు ముందుకు కట్టుకుని, తల కొద్దిగా వంచి, సాబు గది ముందు నిలబడ్డట్టు.

ఆయన లేచాడు. ఇటు తిరిగాడు. గదంతా నింపాదిగా చూశాడు. మూడో మిషన్ దగ్గరికి వెళ్ళి దానిలో ఉన్న కాగితం చదివాడు. అక్కడ అటెండరు తన పేరు, తన ఊరి పేరు వరసగా కొట్టి పెట్టాడు. నేల మీది కాగితాలు నాలుగు ఎత్తి చూశాడు. బోర్డు దగ్గరికి వచ్చి ఒక అంచున ఉన్న సెలవుల పట్టీ చదివాడు. అటెండరు భుజానికి ఆయన కోటు తగిలింది. అటెండరు కదల్లేదు. ఆయన చూపు అతని మీదుగా గోడ మీదుగా పోయినట్టే పోయింది.

"మళ్ళీ వస్తాను" అని నవ్వి, నాకు తల వంచి వెళ్ళిపోయాడు.

వీధిలో ఆయన ఎక్కిన రిక్షా కనుమరుగయ్యేదాకా అటెండరు బోర్డు వదల్లేదు. "గాయన ఎవరు టీచరమ్మా?" అన్నాడు.

"నాకూ తెలియదన్నా."

"మా సాబు దగ్గరికి గిసుంటోల్లు వస్తరు. మస్తు మంచిగ మాట్లాడుతరు. పోయినంక ఎవనిదో ఒకని నౌకరి పోతది." మిషన్ దగ్గరికి నడుస్తూ అన్నాడు, "గాయన నన్ను చూడలే. అటెండర్ను ఎవలు చూస్తరు? పదేండ్ల సంది గదే పని నాది."

అతనికి మొత్తం చెప్పాను. చొక్కాలోంచి తీసి ఇచ్చిన కాగితాలు, బోర్డు మీదిది కలిపి వెనక వసారాలో కాల్చేశాం. పొద్దుటి బ్యాచీ కొట్టిన కాగితాలు రద్దీకి, అంటే చిత్తుకాగితాలు కొనేవాళ్ళకు, పోయాయని అతనే చెప్పాడు. ఇద్దరం సుల్తాన్ బజార్ రద్దీ దుకాణానికి పరిగెత్తాం. ఆఫీసుకు ఆలస్యమైతే చివాట్లు పడతాయని తెలిసీ అతను వచ్చాడు. మూటలు విప్పి చూస్తే పదకొండు కాగితాలు దొరికాయి. ఒక మూట అప్పటికే పొట్లాల కోసం అమ్ముడైపోయింది. ఆ తర్వాత చాలాకాలం బఠాణీల పొట్లం విప్పిన ప్రతిసారీ ముందు కాగితం చదివేదాన్ని.

"అన్నా, ఆ పేర్లు మర్చిపో" అన్నాను దారిలో.

"ఔ టీచరమ్మా. మర్శిపోత."

సాయంత్రం డాక్టర్ సాబ్‌కు నిజం చెప్పాను. "ఎన్ని దొరకలేదు?" అని ఒక్కటే అడిగాడు. తెలియదన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన థీసిస్ అంకెలతోనే సమర్పించి, కొద్దిరోజులకు వేరే దేశానికి వెళ్ళిపోయాడు. సూటు వేసుకున్నాయన మళ్ళీ రాలేదు. కానీ ఆ ఏడాదంతా మెట్ల మీద బూట్ల చప్పుడు వినిపిస్తే నా వేళ్ళు ఆగిపోయేవి.

డెబ్బైల్లో నేను సర్కారు ఆఫీసులో చేరాను. ఒకరోజు, పాత ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చిన ఉత్తరం ఒకటి సార్ నాకు పంపించాడు. డాక్టర్ సాబ్ రాశాడు. అధ్యక్షుడు పడిపోయాడట, కొత్త జాతీయ సభ ఏర్పడిందట. ఆ సభ గ్రంథాలయానికి తన థీసిస్ ఇమ్మన్నారట, ఈసారి పేర్లతో. బతికున్నవాళ్ళు సరేనని, ఏ అంకె తమదో తామే గుర్తుపట్టి చెప్పారు. మన దగ్గర్నుంచి వాళ్ళ పేర్లు బయటపడలేదని కూడా రాశాడు. ఆ వాక్యం దగ్గర ఉత్తరం పక్కన పెట్టి ఏడ్చాను.

మిగతాది ఇది. ఇద్దరు ముసలి పెద్దలు చనిపోయారు. ఇద్దరితోనూ ఒకే రాత్రి, దీపం లేని గదిలో మాట్లాడాడట, రాసుకున్నవి జాబితాతోపాటే కాల్చేశాడట, వాళ్ళలో తొమ్మిది ఎవరో, పన్నెండు ఎవరో ఆయనకు గుర్తు లేదు. ఒకాయన కూతురు ఆయనకు ఉత్తరం రాసిందట. "మా నాన్న సభలో నిద్రపోయి మమ్మల్ని అమ్ముకున్నాడని ఊరు నవ్వుతుంది. ఆ నిద్ర నటించిన మనిషి మా నాన్నేనా?" అని. ఆమె ఉత్తరాన్ని కూడా జతచేశాడు. ఊహించి చెప్పి, ఒక చనిపోయిన మనిషి మాట ఇంకొకరి నోట్లో పెట్టలేనన్నాడు. "మీ దగ్గర ఏదీ మిగల్లేదని తెలుసు. అయినా అడుగుతున్నాను" అని ముగించాడు.

ఆ సాయంత్రమే లక్డీకాపూల్ వెళ్ళాను. అటెండరు ఇప్పుడు అటెండరు కాదు, గుమాస్తా. మూడోసారికి పాసయ్యాడు. అందరూ వెళ్ళాక మిషన్ ముందు కూర్చోబెట్టి ఉత్తరం సంగతి చెప్పాను, కూతురి సంతకం మాత్రం చూపించలేదు.

"మీరే మర్శిపొమ్మన్నరు గద" అన్నాడు. "నోటికి ఒక్క పేరు రాదు టీచరమ్మా."

"ప్రయత్నం చెయ్యన్నా."

కాగితం ఎక్కించి ఒకటి కొట్టాడు. పేరు వచ్చింది. రెండు, మూడు వచ్చాయి. ఆలోచిస్తూ, అక్షరాలు చూసుకుంటూ కొట్టాడు. తొమ్మిది దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. గాలిలో అలాగే ఉన్నాయి. మొదటి అక్షరమైనా అందిద్దామంటే నాకూ గుర్తు లేదు. అతను కాగితం లాగేశాడు.

"చూసుకుంట కొడితే రాదు. అప్పటి లెక్క ఉరకాలె. మొదట్ల నుంచి కొడ్త." కొత్త కాగితం తీశాడు, నా వైపు చూశాడు. "కార్బన్ పెట్టాల్నా?"

"పెట్టు" అన్నాను. "రెండు పెట్టు."

కళ్ళు మూసుకున్నాడు. మిషన్ అందుకుంది. అదే చప్పుడు, ఆగి, ఒక్కసారి ఉరికి, మళ్ళీ ఆగి. నేను కూతురి ఉత్తరం చేతిలో పట్టుకుని అతని భుజం వెనక నిలబడ్డాను. ఏడు పోయింది, ఎనిమిది పోయింది, తొమ్మిది కొట్టి చుక్క పెట్టాడు. వేళ్ళు ఈసారి ఆగలేదు. ఆ కూతురు ఆ ఉత్తరం కింద రాసుకున్న ఇంటిపేరే, ఒక్క అక్షరం పోకుండా, మూడు కాగితాల మీదా పడింది.